ముందుగా తీసిన ఓళిగలు

ఉగాది రోజు పొద్దున ఆరున్నరకు మదనపల్లె బస్టాండులో కుప్పం బస్సు గురించి అడిగితే, విచారణ కిటికీలో ఉన్నాయన నన్ను ఒకసారి, నా చేతిసంచిని ఒకసారి చూశాడు.

"పండగపూట యాడికి పోతావమ్మా? కుప్పానికి డైరెక్టు బస్సు ఈ పొద్దు లేదు. పుంగనూరుకు పోయి ఆడ మారు. ఆడ గూడా ఉంటాదో లేదో నేను చెప్పలేను."

ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకు మొదటే ఒక మాట చెప్పేస్తాను. మామూలు రోజుల్లో మదనపల్లె నుంచి కుప్పం పోవడం పెద్ద పనేమీ కాదు. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా నాలుగు గంటలు అటూ ఇటూ పడుతుంది. పండగ రోజు మాత్రం బయలుదేరకండి. డ్రైవర్లకూ ఇళ్లుంటాయి, వాళ్లకూ ఓళిగలు తినాలని ఉంటుంది. పోక తప్పదనుకుంటే ఒక సీసా మంచినీళ్లు, రెండు అరటిపళ్లు, సంచినిండా ఓపిక పెట్టుకుని పోండి. నేను మొదటి రెండూ పెట్టుకున్నాను.

ఇంతకీ నేనెందుకు పోతున్నానో చెప్పాలి. నా పేరు ఎస్తేరు. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఈమధ్య తగ్గిపోయారు. క్రిస్మస్‌కు నాకు మనుషుల కొదవ లేదు, చర్చి నిండా జనమే. ఉగాది రోజే ఎటూ తోచదు. మా వీధిలో అన్ని గుమ్మాలకూ మామిడాకులు కట్టి ఉంటాయి, అన్ని వంటిళ్ల నుంచీ బెల్లం ఉడికే వాసన వస్తుంది. "హ్యాపీ ఉగాది సిస్టర్" అని నవ్వుతూ పలకరించి ఎవరిళ్లలోకి వాళ్లు పోతారు. నేను నా గుమ్మంలో నిలబడి కాసేపు నవ్వి, లోపలికొచ్చి టీవీ పెట్టుకుంటాను.

డ్యూటీలో ఉన్నన్నాళ్లూ అలా ఉండేది కాదు. అప్పుడు సరోజ ఉంది. సరోజ మా వార్డులో ఆయా. మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది: ఉగాది రోజు ఆమె ఇంటికి పోతే నేను వార్డు చూసుకోవాలి, క్రిస్మస్‌కు నేను చర్చికి పోతే ఆమె చూసుకోవాలి. మొదటి ఏడాది పండగ రోజు మధ్యాహ్నం నాకోసం స్టీలు డబ్బాలో ఓళిగలు తెచ్చింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, కోస్తావాళ్లు బొబ్బట్లు అనేవే మా దగ్గర ఓళిగలు. నేను తిననని చెప్పాను.

దానికి మా అమ్మ కారణం. అమ్మ కలికిరి దగ్గర ఒక పల్లెలో కూలివాళ్ల ఇంట్లో పుట్టింది. చిన్నప్పుడు పండగ రోజు గిన్నె పట్టుకుని పెద్దిళ్ల వెనక వాకిట్లో నిలబడేదట. వాళ్ల దేవుడికి పెట్టాక, వాళ్లు తిన్నాక, మిగిలింది ఆ గిన్నెలో పడేది. తర్వాత మావాళ్లు చర్చిలో చేరారు, అమ్మ నాలుగక్షరాలు నేర్చుకుంది, ఆమె సంసారంలో ఒకటే చట్టం ఉండేది: ఒకరికి పెట్టగా మిగిలింది మనం ముట్టకూడదు. విగ్రహానికి పెట్టింది తినొద్దని పాస్టరుగారు చెప్పే కారణం వేరు, అమ్మ కారణం వేరు. నాలో మాత్రం రెండూ కలిసిపోయాయి. అమ్మ పోయి చాలా కాలమైంది, నాకు తల నెరిసింది. ఇప్పటికీ అలాంటిదాని వైపు నా చెయ్యి పోదు.

సరోజకు ఇదంతా చెప్పాను. ఆమె వాదించలేదు, మొహం మాడ్చుకోలేదు. మరుసటి ఏడాది మళ్లీ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది ముందే తీసింది. దేవునికీ పెట్టలే, నా మొగునికీ పెట్టలే. నీకే ముందు. ఇంక తిను."

అప్పట్నుంచి ప్రతి ఉగాదికీ అంతే. నాకు అది బాగానే ఉండేది, అంతకుమించి ఆలోచించలేదు. రిటైరయ్యాక ఆమె కొడుకు దగ్గరికి కుప్పం వెళ్లిపోయింది. అయినా డబ్బా ఆగలేదు. కుప్పం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేది. నేను బస్టాండుకు పోయి తెచ్చుకునేదాన్ని.

కిందటేడాది, ఉగాది ఇంకా నెల ఉందనగా సరోజ పోయింది. గుండె. చావు జరిగిన ఇల్లు కాబట్టి కిందటి ఉగాదికి వాళ్లు పండగ చేయలేదు. ఈసారి ఆమె భర్త మునెప్ప ఫోన్ చేశాడు. "ఎస్తేరమ్మా, సరోజకు ఆకు పెడతాండాము. నువ్వు రావాల." మా వైపు ఉగాదికి చనిపోయిన పెద్దలకు ఆకేసి వండినవన్నీ వడ్డిస్తారు. తర్వాత ఆ ఆకులోది ఇంటివాళ్లు పంచుకుని తింటారు.

వస్తానని చెప్పాను గానీ ఆ రాత్రి నుంచి మనసు మనసులో లేదు. నాకు ముందుగా తీసిపెట్టే మనిషే ఇప్పుడు ఫోటోలో ఉంది. పెట్టేదే ఆమెకు. ఆ ఆకులోది నాకు ఇస్తే ఏం చెయ్యాలి? వద్దంటే, భార్య పోయిన మనిషిని పండగపూట అవమానించినట్టు. తింటే అమ్మ మాట పోయినట్టు. ఏదో సాకు చెప్పి మానేద్దామంటే, ఇక ఆ ఇంటితో నాకున్న బంధం తెగిపోయినట్టే.

ఏడింటికి పుంగనూరు బస్సు కదిలింది. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు. నా ఫోటో చూసి కండక్టరు "ఇది మీరేనా మేడమ్?" అన్నాడు. "అప్పుడు నేనే" అన్నాను. బస్సులో పదిమంది లేరు. టమోటా తోటల్లో కూడా ఎవరూ కనబడలేదు. కొయ్యలకు కట్టిన చెట్లు మాత్రం వరుసగా నిలబడి ఉన్నాయి.

పుంగనూరులో దిగేసరికి ఎనిమిది. పలమనేరు బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. పుంగనూరు ఆవులు ప్రపంచమంతా పేరు మోశాయి గానీ, ఆ ఊళ్లో గంటసేపు కూర్చున్నా నాకు కనబడింది గోడమీద బొమ్మలో ఉన్న ఆవు ఒక్కటే. హోటళ్లన్నీ మూసి ఉన్నాయి. బస్టాండు ఎదురుగా ఒక్క టీ అంగడి తెరిచి ఉంది. అంగడాయన కొత్త చొక్కాలో, నుదుటిన బొట్టుతో ఉన్నాడు. వచ్చినవాళ్ల చేతిలో ముందు వేపపూత, బెల్లం కలిపిన ముద్ద పెట్టి, తర్వాత టీ ఇస్తున్నాడు.

నా ముందుకూ చెయ్యి చాపాడు. పూజలో పెట్టి తెచ్చాడో ఏమో అని అనుమానం వచ్చింది. అడగడానికి నోరు రాలేదు.

"కడుపులో బాగలేదప్పా" అన్నాను.

"వేపపూతకు కడుపు బాగవుతాదమ్మా. ఈ ఎదురుగా ఉండే చెట్టుదే, తీసుకో."

నవ్వి తలూపాను గానీ తీసుకోలేదు. ఆయన ఆ ముద్ద పక్కనున్నాయన చేతిలో పెట్టి, నాకు టీ ఇచ్చాడు. టీ పదిహేను రూపాయలు, చిక్కగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్లందరి నోళ్లూ ఒకేసారి చేదుకు వంకరపోయి, బెల్లం తగిలి విప్పుకుంటున్నాయి, ఒకరినొకరు చూసి నవ్వుకుంటున్నారు. ఆ నవ్వులో నేను లేను. కుప్పంలో కూడా ఇలాగే జరుగుతుందని భయమేసింది. తిరుగు బస్సు ముందొస్తే ఎక్కేద్దామనుకున్నాను. పలమనేరు బస్సే ముందొచ్చింది.

పలమనేరులో మళ్లీ మారి, కుప్పం బస్సు ఎక్కేసరికి పదిన్నర. కిటికీ పక్కన ఒక పెద్దాయన. బైరెడ్డిపల్లెలో కూతురింటికి పోతున్నాడు. కాళ్లు వాచి ఉన్నాయి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగి ఉన్నాయి. ఉప్పు తగ్గించమని చెప్పాను.

"పండగ పొద్దు ఉప్పు తగ్గించమంటే ఎట్లమ్మా? డాక్టరమ్మవా?"

"నర్సుని."

"మా కోడలు ఓళిగలు చేస్తే చెప్పు అట్టలమాదిరి ఉంటాయి. అందుకే పండగకు కూతురింటికి పోతాండా." తన మాటకు తనే పడీపడీ నవ్వి, "నువ్వు ఎవురింటికమ్మా?" అని అడిగాడు.

"స్నేహితురాలి ఇంటికి."

"పిల్లోళ్లు?"

"లేరు."

ఆయన లేచి, "ఈ పక్కకు రా అమ్మా, గాలి తగులుతాది" అని కిటికీ సీటు నాకిచ్చాడు. నాకు కళ్లు చెమర్చాయి. ఎవరైనా జాలి పడితే నాకు ఒళ్లు మండేది ఒకప్పుడు. ఇప్పుడు అదైనా దొరికితే చాలనిపిస్తోంది. బైరెడ్డిపల్లెలో ఆయన దిగి, కిందనుంచి చెయ్యూపి పోయాడు.

వి.కోట, శాంతిపురం దాటి కుప్పంలో దిగేసరికి ఒంటిగంట కావస్తోంది. ఇక్కడ అంగళ్ల బోర్డుల మీద తెలుగు, మనుషుల నోట్లో తెలుగు, తమిళం, కన్నడం కలగలిపి ఉంటాయి. రైల్వేస్టేషన్ వెనక సందులో మునెప్ప వాళ్ల ఇల్లు. పూలమ్మి దగ్గర రెండు మూరల మల్లెపూలు కొన్నాను. సరోజకు మల్లెలంటే ప్రాణం. డ్యూటీలో పూలు పెట్టుకోకూడదని నేనే ఆమెను తిట్టేదాన్ని.

మునెప్ప వాకిట్లోనే ఉన్నాడు. ఒకప్పుడు గార పని చేసిన చేతులతో వాకిలి గడియ తీశాడు.

"ఇంత ఆలస్యమాయెనే. ఆకు పెట్టి గంటాయ. నువ్వు వచ్చినాక తీద్దామని అట్లే పెట్టినాము" అన్నాడు.

కొడుకు వేణు డ్యూటీకి పోయాడు. ఇంట్లో మునెప్ప, కోడలు కవిత, ఇద్దరే. లోపలి గదిలో గోడవారగా సరోజ ఫోటో. కింద కొత్త చీర, గాజులు. ముందు అరిటాకు. ఆకు నిండా మామిడికాయ చిత్రాన్నం, అలసంద వడలు, శనగబేడలు ఉడికిన నీళ్లతో కాచిన చారు, పాయసం, మధ్యలో నెయ్యి వేసిన ఓళిగలు. నా మల్లెపూలు కవిత ఫోటోకు వేసింది. నేను గడపలోనే నిలబడి చూశాను. ఫోటోలో సరోజ నవ్వడం లేదు. బతికి ఉన్నప్పుడు ఒక్క క్షణం నవ్వకుండా ఉండలేని మనిషి, ఫోటోవాడు ఎలా ఆపాడో.

కవిత వంటింట్లోకి పోయి ఒక స్టీలు డబ్బా పట్టుకొచ్చింది.

"సిస్టరమ్మా, ఇది మీది. ముందే తీసినాను. సిస్టరమ్మది తీసినాకే ఇంగ ఎవురికైనా అని అత్త నాకు చెప్పి పెట్టింది."

నాకు గుండెమీద నుంచి బండ దిగినట్టయింది. దారి పొడుగునా ఎంత మథనపడ్డాను! సరోజ పోయి కూడా నాకు ఇబ్బంది లేకుండా చేసింది. ముందుగదిలో నాకోసం కుర్చీ వేశారు, ఎదురుగా స్టూలు మీద కంచం, నీళ్లు, డబ్బా పెట్టారు. నాకు విడిగా తీసిన చిత్రాన్నం, వడలు కూడా కవిత వడ్డించింది.

"నువ్వు ఈడ నిమ్మళంగా తినమ్మా. మేము లోపల ఆకు తీసుకుంటాము" అన్నాడు మునెప్ప.

వాళ్లిద్దరూ లోపల నేలమీద కూర్చున్నారు. తలుపు తీసే ఉంది. నేను కుర్చీలో కూర్చుని డబ్బా మూత తీశాను. ఓళిగలు పలచగా, మెత్తగా, అచ్చం సరోజ చేసినట్టే ఉన్నాయి. లోపల మునెప్ప ఆకుతో మాట్లాడుతున్నాడు. "ఇదో, నీకు చారంటే ఇష్టం గదా. కవితే కాచింది. బాగుందా? ఈ ఆకులో ఉండేదంతా ఇద్దరమే తినాలంటే అయ్యే పని కాదే. నీకు ఒక కూతురు ఉండినా బాగుండు."

చేతిలో ఓళిగ అలాగే ఉండిపోయింది. ఇంత మర్యాద చేసి కుర్చీలో కూర్చోబెట్టారు, నాది నాకు శుభ్రంగా విడిగా పెట్టారు. ఎవరి తప్పూ లేదు. అయినా ఆ కుర్చీలో ఉన్నంత ఒంటరితనం నాకు నా ఇంట్లో కూడా ఎప్పుడూ లేదు. సరోజను తలుచుకుని తినేవాళ్లు లోపల ఉన్నారు, చుట్టమై వచ్చినదాన్ని నేను బయట ఉన్నాను. నాకు ఏడుపు, ఉక్రోషం రెండూ వచ్చాయి.

లేచి లోపలికి పోయి ఆకు పక్కన నేలమీద కూర్చున్నాను. మోకాళ్లు మడవడానికి కాస్త సమయం పట్టింది.

"ఏమ్మా? ఏం కావాల?" అన్నాడు మునెప్ప.

"దీంట్లోది నాకూ పెట్టు."

ఆయన కవిత వైపు చూశాడు. "నీకు తీసింది ఆడుండాది గదమ్మా. ఇది సరోజకు పెట్టింది."

"తెలుసు. అది ఇంటికి తీసుకుపోతాను. నాకు ఇది పెట్టు మునెప్పా."

ఆయన ఆకులోంచి ఓళిగ సగం తుంచి నా చేతిలో పెట్టాడు. గంటసేపు ఆరిపోయి అంచులు గట్టిపడ్డాయి, నెయ్యి పేరుకుంది. అమ్మ గుర్తొచ్చింది. వెనక వాకిలి గుర్తొచ్చింది. నేను గిన్నె పట్టుకుని నిలబడలేదమ్మా, వాళ్ల మధ్యలో కూర్చున్నాను అని లోపల్లోపల చెప్పుకున్నాను. అమ్మ ఒప్పుకుందో లేదో తెలియదు. నమిలి మింగాను. కన్నీళ్లు ఆగలేదు. కవిత చిత్రాన్నం ముద్ద కూడా పెట్టింది. చారు పోసింది. ముగ్గురం ఆకు ఖాళీ చేశాం. మధ్యలో మునెప్ప, "మీ డ్యూటీ రూములో మీరిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లమ్మా? ఇంటికొచ్చినాక గూడా నవ్వుతానే ఉండేది" అని అడిగాడు. గుర్తున్నవన్నీ చెప్పాను.

బయలుదేరేటప్పుడు ఆయన చెప్పాడు, వేణుకు హోసూరులో పని కుదిరింది, వానాకాలానికి ఈ ఇల్లు ఖాళీ చేస్తున్నారు. "వచ్చే ఉగాదికి యాడుంటామో ఏమో. యాడున్నా ఫోన్ చేస్తాను" అన్నాడు. చేయొచ్చు. కొత్త ఊళ్లో వాళ్లకు వాళ్ల గొడవలుంటాయి. నాకూ ఇన్ని బస్సులు మారే ఓపిక ఇంకెన్నాళ్లుంటుంది?

మూడున్నరకు కుప్పంలో ఎక్కాను. మళ్లీ సున్నా టికెట్టు. ఎవరైనా అడిగితే ఈ ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రోడ్డు బాగుంది, బస్సులు తక్కువ, కుప్పంలో ఎండ మదనపల్లె కంటే కాస్త ఎక్కువ. పొద్దున పోయేటప్పుడు ఉన్న భయం ఇప్పుడు లేదు. దాని బదులు ఒక ఖాళీ ఉంది.

పలమనేరులో బస్సు మారాక నా పక్కన ఒకామె కూర్చుంది. నా ఈడుదే, గంగవరంలో దిగాలంది. జరీ అంచు చీర, తలలో కనకాంబరాలు. పొద్దున్నుంచి చెల్లెలి ఇంట్లో పనిచేసి పనిచేసి అన్నం కూడా సరిగా తినలేదని చెప్పింది. మొహం వాడిపోయి ఉంది. నేను సంచిలోంచి డబ్బా తీసి మూత తెరిచాను.

"అబ్బ, ఎంత పల్చగా చేసినారమ్మా!" అని ఒకటి తీసుకోబోయి ఆగింది. "పెట్టిందే గదా? దేవునికి?"

"లేదమ్మా. పెట్టకముందే తీసింది."

చెయ్యి వెనక్కి తీసుకుంది. విసుగు కాదు, ఆమె మొహంలో కనబడింది భయం.

"తప్పుగా అనుకోవద్దమ్మా. పండగ పొద్దు ముందు తీసింది మేము తినం. తీయను గూడా తీయం. బిడ్డ కాళ్లకు సుట్టుకోని ఏడిసినా, దేవునికి పెట్టినాకే. నా బిడ్డలకు నేను ఒక్కసారి గూడా తీయలే. మా అత్త సూసుంటే నన్ను ఇంట్లోనుంచి ఎల్లగొట్టుండేది." కాసేపు డబ్బా వైపే చూసి, గొంతు తగ్గించి అడిగింది. "దేవునికంటే ముందు ఎవురికి తీసిందమ్మా అది?"

ముప్పై ఏళ్లకు పైగా ప్రతి ఉగాదికీ, తెల్లవారుజామున, అత్త లేవకముందు, కొడుకు అడగకముందు, దీపం వెలిగించకముందు, సరోజ వంటింట్లో ఒక్కతే నిలబడి చేసిన పని ఏమిటో ఆ బస్సులో నాకు అర్థమైంది. ఆమెకూ ఈ భయమే వేసి ఉంటుంది. ఒక్కసారి కూడా నాకు చెప్పలేదు.

"నాకమ్మా" అన్నాను. "నాకే తీసింది."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. గుళ్లో విగ్రహాన్ని చూసినట్టుంది ఆ చూపు, చర్చిలో కూడా నన్ను ఎవరూ అలా చూడలేదు. గంగవరంలో దిగేముందు ఎందుకో నా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి పోయింది. పక్క సీటు ఖాళీ అయింది. పుంగనూరు వస్తోంది, బయట పొద్దు గుంకుతోంది. డబ్బాలో నాలుగు ఓళిగలున్నాయి. అంత ప్రేమ ఈ లోకంలో నాకు మళ్లీ దొరకదని తెలిసి, ఒక్కొక్కటే తీసుకుని నాలుగూ తిన్నాను.